ఆరు కుడితి తొట్లు

వాటిని చూసి మా నాయన అన్న మొదటి మాట: "ఇయ్యి పడవలా అబ్బయా, కుడితి తొట్లా?"

2023 జనవరి, సంక్రాంతి అయిన మరుసటి వారం. కావలిలో ఉండే నేవీ సారు (రిటైరయ్యారు, ఊళ్ళో అందరం అలాగే పిలుస్తాం) మా పిలకాయలకి తెరచాప పడవల పందేలు నేర్పాలని టాటా ఏస్ బండి మాట్లాడుకుని చెన్నై వైపు నుంచి ఆరు పాత పడవలు తెచ్చి మా షెడ్డు ముందు దించారు. ఒకదాని మీద ఒకటి బోర్లించి, మధ్యలో పాత టైర్లు పెట్టి, తాళ్ళతో బిగించి తెచ్చారు. ఒక్కొక్కటి ఎనిమిది అడుగులు కూడా లేదు. పడవకి ఉండాల్సిన కోసు ముక్కు లేదు. ముందు పక్క కూడా వెనక పక్కలాగే కోసేసినట్టు చదునుగా ఉంది. గేదె వచ్చి మూతి పెట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆరూ కలిపి ఎంతకి కొన్నారో సారు ఇప్పటికీ చెప్పరు.

నాది ఫైబర్ పని. పగిలిన బోట్లకి మ్యాట్ అనే గాజుపీచు గుడ్డ వేసి రెజిన్ అనే జిగురు పట్టిస్తాను. మాది నెల్లూరు జిల్లా ఇసకపల్లి ఉప్పుటేరుకి దగ్గర్లో ఒక పాలెం. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చేనాటికి నాకు ఇరవై మూడేళ్ళు. అప్పటిదాకా మా నాయన తెప్ప మీద చాప కట్టుకుని వేటకి పోయిన మనిషి. చాప అంటే తెరచాప, మేం చాప అనే అంటాం. సునామీ తర్వాత సాయం కింద ఫైబర్ బోట్లు, ఇంజన్లు వచ్చాయి. తెప్ప మానులు ఒక్కోటి పొయ్యిలోకి పోయాయి. నేను చెన్నై కాశిమేడు పోయి ఆరు నెలలు ఉండి ఫైబర్ పని నేర్చుకొచ్చాను. "చాపని పాతిపెట్టినోళ్ళలో నువ్వూ ఒకడివిలే" అని నాయన అప్పుడప్పుడు అంటుంటాడు, కోపంగా కాదు, బీడీ ముట్టించుకుంటూ.

అందుకే ఆ పడవలతో పాటు చుట్టగా చుట్టి తెచ్చిన చాపల్ని షెడ్డులో విప్పినప్పుడు ఆయన పక్కనే కూర్చుని ఆ గుడ్డని గోటితో గీకి చూశాడు. గరగరలాడే తెల్లటి సింథటిక్ గుడ్డ. "తుమ్మచెక్క రసం పట్టదు దీనికి" అని లేచిపోయాడు. వాళ్ళ కాలంలో చాప చీకిపోకుండా ఆ రసం పట్టించేవాళ్ళు.

ఆ పడవ పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలో, ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్ అనే ఊళ్ళో క్లార్క్ మిల్స్ అనే పడవలు కట్టే ఆయన గీశాడు. పిల్లలకి, చవగ్గా కావాలని అడిగితే ప్లైవుడ్ షీటుని ముందు పెట్టుకుని గీశాడట. షీటు పొడవు ఎనిమిది అడుగులు, కాబట్టి పడవ దానికి లోపే. కోసు ముక్కు పెడితే పొడవు పెరుగుతుంది, చెక్క వంచే పని పెరుగుతుంది, అందుకని ముక్కే తీసేశాడు. సారు ఈ కథ చెప్పినాక నాకు ఆ పడవ మీద గౌరవం కలిగింది. మెటీరియల్ చూసుకుని పని చేసినవాడు నా లెక్కలో మేస్త్రీ. నాయనకి మాత్రం కలగలేదు.

ఇప్పుడు ఎక్కువగా ఫైబర్‌తోనే చేస్తున్నారు, కానీ కొలతలు అందరికీ ఒకటే. పొడవు 2.36 మీటర్లు, ఖాళీ పడవ బరువు 35 కిలోలకి తగ్గకూడదు. పడవలన్నీ ఒకేలా ఉంటే గెలుపు పడవది కాకుండా పిలకాయలది అవుతుందని. అట్లా ఒకే కొలత ఉన్న పడవలన్నిటినీ కలిపి క్లాస్ అంటారు. ఈ మాటతో మా పాలెంలో నెల రోజులు తిప్పలు పడ్డాం. "మీవాడు ఏ క్లాసు?" అని సారు అడిగితే "ఏడో క్లాసు సార్, లెక్కల్లో వీకు" అని తల్లులు చెప్పేవాళ్ళు.

మా ఆరింటినీ చేపల కాటా మీద తూచాం. ఒకటి 41 కిలోలు వచ్చింది. ఎన్ని అతుకులు వేశారో, లోపల ఎన్ని నీళ్ళు తాగిందో. పిలకాయలు దానికి జెల్ల అని పేరు పెట్టారు. మిగతావి వంజరం, చందువ, కానాగంత, మాగ, బొమ్మిడాయి. ఆ తర్వాత పడవల పేర్లే పిల్లల పేర్లు అయిపోయాయి. ఇప్పటికీ మా ఇంట్లో "వంజరం పిల్ల వచ్చింది" అంటేనే తెలుస్తుంది, అసలు పేరు చెబితే "ఎవరూ?" అంటారు.

ఫిబ్రవరి అంతా అతుకులే. పాత అతుకు కింద తడి ఉంటే కొత్త మ్యాట్ పట్టదు, రెండు నెలలకి పొక్కులా లేస్తుంది. కాబట్టి గీకి, ఎండబెట్టి, మళ్ళీ గీకి. ఈ పనికి సాయం చేస్తామని వచ్చిన పిలకాయలు మొదటిరోజే చేతులు గోక్కుంటూ పారిపోయారు. మ్యాట్ నూగు ఒంటికి పడితే రెండు రోజులు దురద పోదు. వంజరం పిల్ల ఒక్కతే కొబ్బరినూనె సీసా తెచ్చుకుని మర్నాడు మళ్ళీ వచ్చింది. ఒకటి మాత్రం ఆ పిల్లకి గట్టిగా చెప్పాను: రెజిన్ గట్టిపడడానికి వేసే కోబాల్టు, హార్డెనరు రెండూ ఎప్పుడూ నేరుగా కలపకూడదు, పేలిపోతుంది. ముందు రెజిన్‌లో కోబాల్టు కలిపి, అది బాగా కలిసినాకే హార్డెనరు.

గాలి సంచులు ఇంకో తలనొప్పి. ఒక్కో పడవలో మూడు ఉంటాయి, పడవ తిరగబడినా మునిగిపోకుండా. పద్దెనిమిదిలో ఏడు కారుతున్నాయి. సైకిల్ పంచరు సొల్యూషన్ వేస్తే వారం కూడా నిలవలేదు. చివరికి ఫ్లెక్సీ బోర్డులు అతికే వాడి దగ్గర గమ్ము దొరికింది.

మార్చిలో నీళ్ళలోకి దించాం. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ అన్నీ అయ్యాయి. మా దగ్గర ఆ నెలలో పొద్దున గాలి ఉండదు, ఉన్నా నేల మీది నుంచి పల్చగా వస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటా రెండింటికి సముద్రం వైపు నుంచి తూర్పు గాలి తిరుగుతుంది. అది తిరిగే పది నిమిషాలు ఉప్పుటేరు అద్దంలా అయిపోతుంది. సారు స్టాప్‌వాచీ చూసుకుంటుంటే నాయన గట్టు మీద కూర్చుని ఉప్పు కొటారుల వైపు చూసి "ఇంకో బీడీ టైం ఉంది" అనేవాడు. సరిగ్గా అంతే టైం పట్టేది.

పందెం మొదలుపెట్టడమే ఒక తంతు. అయిదు నిమిషాల ముందు క్లాస్ జెండా ఎత్తాలి. నాలుగు నిమిషాలు ఉన్నాయనగా ఇంకో జెండా, నీలం గుడ్డ మధ్యలో తెల్ల చతురస్రం. ఒక నిమిషం ఉందనగా అది దించాలి. సున్నాకి క్లాస్ జెండా దించితే పందెం మొదలు. ఆ నీలం జెండా మా ఆవిడ పాత చీర, మధ్యలో తెలుపు నా పంచె. పడవలు చుట్టి రావాల్సిన గురుతులకి నూనె డబ్బాలు, వాటికి లంగరుగా సిమెంటు పోసిన డాల్డా డబ్బాలు. ఏరు సన్నం కాబట్టి పెద్ద పోటీల్లోలాగా నాలుగు గురుతుల బాట మాకు కుదరదు. గాలికి ఎదురుగా పోయి, గురుతు తిప్పుకుని, గాలివాటుగా దిగి రావడం, అట్లా రెండు చుట్లు.

గాలికి ఎదురుగా పోవడం అంటే నేరుగా పోవడం కాదు, ఏటవాలుగా అటొక కోత ఇటొక కోత కోసుకుంటూ పోవాలి. అప్పుడు పడవ పక్కకి జారిపోకుండా మధ్యలో ఒక పలక దించుతారు. డాగర్‌బోర్డ్ అంటారు, మా పిలకాయలు కత్తి అంటారు. దాన్ని చూసి నాయన మొదటిసారి ఈ తొట్లని ఒప్పుకున్నాడు. తెప్ప మీద వాళ్ళూ అదే చేసేవాళ్ళట, మానుల సందులోంచి పలక దించి. "అమెరికావోడు మన దగ్గర చూసినాడేమో" అన్నాడు. నేను కాదనలేదు.

ఇక రూల్సు. రెండు పడవలు ఎదురుపడితే గాలి కుడిపక్క నుంచి తగిలే పడవకి దారి, ఎడమపక్క నుంచి తగిలేవాడు తప్పుకోవాలి. కుడిపక్కవాడు "స్టార్‌బోర్డ్!" అని అరుస్తాడు. తప్పు చేసినవాడు అక్కడికక్కడే పడవని రెండు చుట్లు తిప్పుకోవాలి. గురుతుకి తగిలితే ఒక చుట్టు. రిఫరీ ఈల ఊది బయటికి పంపడం లాంటిదేమీ లేదు, తప్పు ఎవడిదో వాడే ఒప్పుకోవాలి. ఏప్రిల్ వచ్చేసరికి మా పాలెంలో సైకిళ్ళ మీద స్టార్‌బోర్డ్, పంపు దగ్గర బిందెలకి స్టార్‌బోర్డ్.

ఒప్పుకోకపోతే ప్రొటెస్ట్, అంటే ఫిర్యాదు. మొదటి ప్రొటెస్ట్ మాగవాడికీ చందువవాడికీ. చేపలు ఎండేసే అరుగు మీద విచారణ. ఆల్చిప్పలు పడవలు, అగ్గిపెట్టె గురుతు, చీపురుపుల్ల గాలి. ఇద్దరూ చిప్పల్ని జరుపుతూ అరగంట వాదించారు. సారు ఓపిగ్గా విని మాగవాడిది తప్పన్నారు. వాడు ఏడవలేదు కానీ, వాడి జేజి వచ్చి సారునీ నన్నూ కలిపి కడిగేసింది. ఆ పడవ మా దొడ్లో ఉంటే మా పిల్లోడిదే తప్పెట్లా అవుద్ది అని ఆమె వాదన. ఈ వాదనకి రూలు పుస్తకంలో జవాబు లేదు.

ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం, జూన్ 14 దాకా. అరవై ఒక్క రోజులు. బోట్లన్నీ గట్టెక్కేది అప్పుడే, నాకు ఊపిరి సలపని పని ఉండేదీ అప్పుడే. జువ్వలదిన్నె దాకా పోయి పని చేసి వస్తాను. ఆ రెండు నెలలు వేటగాళ్ళ బోట్లకే నా రెజిన్, తొట్లకి కాదు. సారుకి అది నచ్చలేదు. "పిల్లలకి సెలవులు, ఇప్పుడే కదయ్యా ఆడాల్సింది" అన్నారు. నిజమే. కానీ ఆ రెండు నెలల డబ్బుతోనే నాకు మిగతా ఏడాది గడవాలి. కానాగంతకి ముందుపక్క పగులు అట్లాగే ఉండిపోయింది, దాని మీద ప్లాస్టిక్ టేపు వేసి నడిపారు. అది చూసినప్పుడల్లా నాకు సిగ్గేసేది.

మే నెల ఎండ గురించి నెల్లూరోళ్ళకి చెప్పక్కర్లేదు. రెజిన్ డబ్బాలోనే గట్టిపడిపోతుంది, హార్డెనరు సగానికి తగ్గించినా. పడమటి వడగాలి మధ్యాహ్నం మూడు దాకా వదలదు, తర్వాత గానీ తూర్పు గాలి లోపలికి రాదు. నాలుగింటికి పందెం. వేటలేని మగవాళ్ళంతా గట్టు మీద చేరేవాళ్ళు. రెండు వారాలకి పందెం మీద పందెం మొదలైంది, వంజరం మీద ఇరవై, చందువ మీద పది. సారుకి తెలిసి ఒక ఆదివారం జెండానే ఎత్తలేదు. గట్టు మీద వాళ్ళని తిట్టలేదు, కూర్చుని పేపరు చదువుకున్నారు. ఆ తర్వాత డబ్బులాట ఆగింది, కనీసం ఆయన కళ్ళముందు.

నాయన గొణుగుడు మాత్రం ఆగలేదు. "ఆ పిల్ల చాప అంత బిగించకూడదు, గాలిని గొంతు పట్టినట్టుంది." ఆయన అన్నమాట ఆ పిల్లకి చేరేది. మొదట్లో నేను చేరవేసేవాణ్ణి, తర్వాత తనే వచ్చి ఆయన పక్కన కూర్చునేది. పందెం నడుస్తుండగా బయటివాళ్ళు సలహా ఇవ్వకూడదని ఇంకో రూలు. నాయన దానికి ఒక దారి కనిపెట్టాడు: పందేనికి ముందే మొత్తం తిట్టేయడం.

జూలైలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ మీద మాన్సూన్ రెగట్టా అనే పడవ పందేలు. సారు వంజరం పిల్లనీ చందువవాడినీ తీసుకెళ్ళారు, అక్కడ పడవలు అద్దెకి తీసుకుని. ఇద్దరూ చివరి నుంచి లెక్కపెడితే త్వరగా దొరికే చోట వచ్చారు. వచ్చినాక చెప్పింది రెండే విషయాలు. నీళ్ళు ఉప్పగా లేవు. గాలి అటూ ఇటూ పిచ్చిగా తిరుగుతుంది. మా దగ్గర ఒకసారి తూర్పు తిరిగిందంటే సాయంత్రం దాకా తూర్పే. అక్కడ చుట్టూ కట్టడాలు, గాలి వాటి సందుల్లోంచి ఒక్కో నిమిషం ఒక్కో పక్క నుంచి వస్తుంది. "గాలిని చూడకుండా ముందు పడవని చూసినాను తాతా" అని ఒప్పుకుంది ఆ పిల్ల. నాయన ఏమీ అనలేదు.

ఆ నెలాఖరునే రొట్టెల పండగ. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర జనం చదువు రొట్టె, ఆరోగ్య రొట్టె అని పట్టుకుంటుంటే మా బొమ్మిడాయివాడు గాలి రొట్టె ఎక్కడిస్తారని అడిగాడంట. వాళ్ళమ్మ చదువు రొట్టె తినిపించి తీసుకొచ్చింది.

ఆగస్టులో జరిగింది చెప్పాలి, తప్పు నాది. పడవ తిరగబడితే చాప కట్టే స్తంభం ఊడి పడిపోకుండా దాన్ని పడవకి ఒక చిన్న తాడుతో కట్టాలి. జెల్ల తాడు చీకిపోయిందని ఆ పిల్లోడు వారం ముందే చెప్పాడు. రేపు మారుద్దాంలే అన్నాను. ఆదివారం పడమటి గాలి విసురుకి జెల్ల బోర్లాపడింది, స్తంభం, చాప, పైకొయ్య అన్నీ కలిసి జారిపోయి బురదలో దిగబడ్డాయి. పిల్లోడికి ఏమీ కాలేదు, లైఫ్ జాకెట్ ఉంది, గాలి సంచులు నిలిచాయి. వాడు బోర్లాపడ్డ పడవ మీద కూర్చుని నా వైపే చూస్తున్నాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. పీతలు పట్టే ఇద్దరు రెండు గంటలు మునిగి స్తంభం పైకి తీశారు. ఆ రాత్రే ఆరింటికీ తాళ్ళు మార్చాను.

సెప్టెంబర్ 26, మంగళవారం. వంజరం పిల్ల బడి నుంచి పరిగెత్తుకుంటూ షెడ్డుకి వచ్చి నా ఫోన్ లాక్కుంది. చైనాలో హాంగ్‌జౌ ఆసియా క్రీడలు జరుగుతున్నాయి. చాప పడవల పందేల్లో నేహా ఠాకూర్ అనే మన దేశపు పిల్లకి ఐఎల్‌సీఏ 4 అనే క్లాసులో వెండి పతకం. పదిహేడేళ్ళ పిల్ల, మధ్యప్రదేశ్ దేవాస్ జిల్లా, నాన్న రైతు, భోపాల్ చెరువు మీద నేర్చుకుంది. మా పిలకాయలు పతకం ఫొటో చూశాక పాయింట్ల మీద పడ్డారు. 11 పందేలు, మొత్తం 32, అన్నిటికన్నా చెడ్డ ఫలితం అయిదు తీసేస్తే 27. ఈ ఆటలో మొదట వచ్చినవాడికి ఒక పాయింటు, రెండోవాడికి రెండు, తక్కువ ఎవరికుంటే వాళ్ళు గెలిచినట్టు. ఈ లెక్క మా జేజమ్మలకి తొమ్మిది నెలలైనా ఎక్కలేదు కానీ, లెక్కల్లో వీకు అన్న ఏడో క్లాసువాడు నోటితో వేసి చెప్పాడు. "సముద్రమే లేని ఊరు గదా" అని నాయన రెండుసార్లు అడిగాడు. లేదని రెండుసార్లు చెప్పాం.

అక్టోబర్, నవంబర్‌లో గాలి ఉత్తరం, ఈశాన్యం. వానల మధ్య ఎండ కాసిన ఆదివారాలు చూసుకుని ఆఖరి వరస పందేలు పెట్టుకున్నాం, ఎనిమిది అనుకుంటే ఆరు జరిగాయి. ఆరు పడవలు కాబట్టి గమ్యం చేరనివాడికి ఏడు పాయింట్లు. వంజరం పిల్ల, చందువవాడు చివరి పందెం దాకా సమానంగా ఉన్నారు. ఆఖరిదాంట్లో ఆ పిల్ల ముందుంది. పై గురుతు దగ్గర గాలి తగ్గి, పడవ ఏటవాలుగా జారి, డబ్బాకి వెనకమూల తగిలింది. నేను రక్షణ బోటులో ఉన్నాను, నాకు కనపడలేదు. గట్టు మీద ఎవరికీ కనపడలేదు. ఆ పిల్ల చుక్కాని తోసి ఒక చుట్టు తిరిగింది. ఆ చుట్టులో చందువవాడు దాటిపోయాడు.

గట్టెక్కినాక నాయన ఆమెని అడిగాడు, "తగిలిందా?" "తగిలింది తాతా." "ఎంత?" ఆమె వేలి గోరు చూపించింది. ఆయన ఆ గోరునే చూస్తూ కూర్చున్నాడు.

ఆప్టిమిస్ట్‌లో పదిహేనేళ్ళు నిండిన ఏడాది డిసెంబర్ 31 దాకానే ఆడనిస్తారు. ఆ పిల్లది 2008 పుట్టుక. ఆ తర్వాత ఆడాల్సిన పడవ ఐఎల్‌సీఏ, పద్నాలుగు అడుగులు, ఖాళీ పడవే 59 కిలోలు. మా దగ్గర అది లేదు, కొనే దారీ ఇంకా లేదు. పైగా పదో తరగతి, వాళ్ళమ్మకి పరీక్షల టెన్షన్. డిసెంబర్‌లో ఆఖరిసారి ఒకటి ఆడిద్దామని సారు అనుకున్నారు.

డిసెంబర్‌లో వచ్చింది మిచౌంగ్ తుఫాను. 3వ తేదీ నుంచి వాన తెరిపి ఇవ్వలేదు. 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. పడవల్ని ముందే షెడ్డులోకి లాగి, బోర్లించి, నీళ్ళు నింపిన డ్రమ్ములకి కట్టాం. అయినా షెడ్డు రేకులు నాలుగు లేచిపోయాయి, ఏరు షెడ్డులోకి వచ్చింది. వాన వెలిసినాక చూస్తే అయిదే ఉన్నాయి. ఆరోది ఉప్పు కొటారులో, అర కిలోమీటరు అవతల, వెల్లకిలా పడి ఉంది. వంజరం. అడుగున నా చెయ్యి దూరేంత చీలిక.

దాన్ని నలుగురం మోసుకొచ్చి ఎండబెట్టాం. పండగ సెలవుల్లో గీకడం మొదలుపెట్టాను. అప్పటికి ఆ పిల్లకి అందులో ఆడే హక్కు పోయి పది రోజులు దాటింది. కొబ్బరినూనె సీసాతో వచ్చి, మ్యాట్ కత్తిరించి ఇచ్చి, రెజిన్ డబ్బా మూత తీసింది.

"మామా, చలికాలం గదా. హార్డెనరు ఎంత పొయ్యాల?"

మూత గుర్తు దాకా పొయ్యమన్నాను. నాయన బయట నుంచి, "ముందు కోబాల్టు కలిపిందా అడుగు" అన్నాడు.

"కలిపినా తాతా" అంది.